అక్కయ్య నూనె గుడ్డ

ఆ ఉదయం నా చేతిలో ఉన్న సరుకు ఇంతే. ఆసుపత్రి వాళ్ళు తిప్పి పంపిన మంచం ఒకటి, పెచ్చులు లేచిన తలవైపు చట్రాలు రెండు, చెక్కు చెదరని మంచం కాలు ఒక్కటి. దీన్ని పెట్టుబడి అనరు, తుక్కు అంటారు. కానీ ఆ ఒక్క కాలి మీద దారంతా లెక్కలు వేసుకుంటూ ఇంటికి వచ్చాను.

కథ ఎక్కడ ఆగిందో ముందు చెప్పేస్తాను. మాది ఇనుప మంచాలు చేసే షెడ్డు. మా బావ వెల్డింగ్ చేస్తాడు. మా అక్కయ్య గరుకు తీసి, తుడిచి, రంగు వేసి సరుకుని గడప దాటిస్తుంది. అమ్మే పని నాది. మా నాన్న కట్టినప్పుడు ఈ షెడ్డు ఇంతకు రెండింతలు ఉండేది. తమ్ముడు విడిపోయాక మధ్యలో గోడ లేచింది. గోడకి అవతల వాడు గేట్లు చేసుకుంటాడు. వాడి గ్రైండర్ మోత మాకు వినిపిస్తుంది, మా సుత్తి మోత వాడికి వినిపిస్తుంది. మాటలు మాత్రం అటూ ఇటూ పోవు.

ఆసుపత్రిలో మంచాలని రోజూ మందు నీళ్ళతో కడుగుతారు. మేం కుంచెతో వేసిన రంగు ఆ కడుగుడికి ఆగలేదు. హెడ్ నర్సు ఒక మంచాన్ని మా గుమ్మం ముందు దింపించి, "మీ మంచాలకి మా రోగులకంటే ఎక్కువ జబ్బులున్నాయండీ" అంది. తర్వాత కాస్త మెత్తబడి ఒక అవకాశం ఇచ్చింది. ఊడని రంగుతో మంచం చేసి తెస్తే తనే కడిగి చూస్తుంది. నిలిచిందా, కొత్త వార్డుల మంచాలన్నీ మావే. నిలవలేదా, బయట పెద్ద కంపెనీ మంచాలు తెప్పించుకుంటుంది. "అవైనా మీరే తెచ్చి అమ్మండి. మీకు నష్టం లేదుగా" అని కూడా అంది.

నిజమే, నాకు నష్టం లేదు. ఎవరు చేసిన మంచం అమ్మినా అమ్మకం అమ్మకమే. అయితే ఆ రోజు నుంచి బావ చేతిలో వెల్డింగ్ కర్రకి పని ఉండదు, అక్కయ్య బల్ల మీద దుమ్ము పడుతుంది, షెడ్డు గోదాము అవుతుంది. అది ఏ వైపు నుంచి కూడినా నాకు లాభంగా తేలలేదు.

అందుకే పౌడర్ కోటింగ్ యంత్రాలు వెతుక్కుంటూ బయల్దేరాను. ఇది కుంచెతో పూసే రంగు కాదు. పిండిలాంటి పొడి. దానికి కరెంటు పట్టించి గన్‌తో కొడితే ఇనుముకి అంటుకుంటుంది. ఓవెన్‌లో పెడితే కరిగి, చర్మంలా పట్టేస్తుంది. యంత్రాలు అమ్మేవాళ్ళు ఇద్దరు దొరికారు. ఒకాయనకి నేను మెరుపు అని పేరు పెట్టుకున్నాను. బూట్లు మెరుస్తాయి, పళ్ళు మెరుస్తాయి, గన్‌కి ఉన్న చిన్న తెర కూడా మెరుస్తుంది. ఇంకొకాయన ఓవెన్లు కట్టే పెద్దాయన. ఆయన చొక్కాతో సహా ఏదీ మెరవదు.

మెరుపు తన నమూనా రేకుని సుత్తితో కొట్టి చూపించాడు. రంగు ఊడలేదు. "మీ రేకు మీద కాదు సార్, నా ఇనుము మీద చూపించండి" అన్నాను. సందులూ మూలలూ ఎక్కువగా ఉండే తలవైపు చట్రాన్ని కావాలనే ఇచ్చాను. అద్దంలా చేసి ఇచ్చాడు. సుత్తి దెబ్బ పడగానే ఉడికిన గుడ్డు పెంకులా లేచొచ్చింది. పెద్దాయన దగ్గర ఇంకో చట్రమూ అంతే. కానీ అక్కడే, అదే పొడితో, అదే ఓవెన్‌లో చేసిన మంచం కాలు మాత్రం సుత్తికి లొంగలేదు. క్రితం వారం ఇక్కడిదాకా చెప్పాను.

బావ ఆ చట్రాలు రెండూ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏమన్నాడోయ్ ఆ మెరుపు?"

"మన ఇనుము మంచిది కాదన్నాడు బావా."

"వాడి బూటు పాలిష్ మంచిదేనా?" అని చట్రాన్ని బల్ల మీద పడేశాడు. "మరి ఈ కాలెందుకు ఊడలేదు? ఇదీ నేను అతికిందే. ఇదీ అదే గొట్టం."

"అదే చూస్తున్నాను."

"తక్కెడ దొరగారు చూస్తే తేలాల్సిందే" అన్నాడు, నాకు తను పెట్టిన పేరుతో. పొగడ్తో ఎత్తిపొడుపో ఆయన ముఖం చూసి ఎప్పుడూ చెప్పలేం.

నాకు దారిలోనే తేలింది. ఇనుము ఒకటే, అతుకు ఒకటే, పొడి ఒకటే. తేడా ఒక్కచోటే ఉంది. చట్రాలు రెండూ అక్కయ్య బల్ల మీదుగా వచ్చాయి. కాలు మాత్రం, నేను బండి కదిలించబోతుండగా, బావ గరుకు తీసి నేరుగా నా చేతికి ఇచ్చాడు. పెద్దాయన దాన్ని చూసి మొహం చిట్లించి, ఇలాంటిది నా కడిగే తొట్లో వెయ్యకుండా గన్ ముందు పెట్టనని కడిగించాడు. చట్రాన్ని కూడా కడగమంటారా అని అడిగితే, "మా ఇంట్లో శుభ్రం చెయ్యని సరుకు గడప దాటదండీ" అన్నది నేనే. గర్వంగానే అన్నాను. అది అబద్ధం కూడా కాదు.

మా ఇంటి శుభ్రం ఎలాంటిదో చెప్పాలి. గరుకు తీసిన ఇనుము రంగు పడేలోగా తుప్పు పట్టకూడదని, పల్చటి నూనె అద్దిన గుడ్డతో తుడవడం మా నాన్న పెట్టిన పద్ధతి. ఆ తుడుపుతో ఇనుముకి ఒక నునుపు వస్తుంది. దుకాణాల వాళ్ళు కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టి, ఇది మీ షెడ్డు సరుకు అనేవారు. ఆ గుడ్డని నాన్న మా ఇద్దరు మగపిల్లల చేతికీ ఇవ్వలేదు. మాకు ఓపిక లేదని అక్కయ్యకి ఇచ్చాడు. అప్పటినుంచి అది ఆవిడ నడుము దగ్గరే దోపుకుని ఉంటుంది. గుడ్డలు మారాయి గానీ చోటు మారలేదు. చట్రాలు పరాయివాళ్ళ కంటపడతాయని, ఆ రోజు మరో రెండు చేతులు ఎక్కువే తుడిచింది.

అక్కయ్య టీ గ్లాసులు తెచ్చి పెట్టింది. చట్రాల వంక చూసింది, కాలి వంక చూసింది, చివరికి నా వంక చూసింది.

"ఒరేయ్, నువ్వు నోట్లో ఏదో నానబెడుతున్నావు. కక్కెయ్."

"యంత్రాల తప్పు కాదక్కా."

"మరి?"

"నూనె."

బావ టీ గ్లాసు ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగాడు. అవతల తమ్ముడి గ్రైండర్ గీ మని మోగుతోంది.

"ఏ నూనె?" అంది అక్కయ్య, తెలిసే.

"నీ నడుం దగ్గరున్నది. పొడికీ ఇనుముకీ మధ్యలో నూనె పొర ఉండిపోతోంది. రంగు ఇనుముని పట్టుకోవట్లేదు, నూనెని పట్టుకుంటోంది."

"అంటే ఇన్నేళ్ళూ నేను ఇనుము పాడు చేశానంటావు."

"అలా అనలేదు. కుంచె రంగుకి ఆ మాత్రం చెల్లింది. ఇది ఒప్పుకోదు."

"నాన్న పద్ధతి తప్పంటావు."

"అక్కా..."

"ఉండు, నన్ను మాట్లాడనీ. దుకాణంవాడు చెయ్యి పెట్టి మన సరుకు పోల్చుకునేవాడు కదా, అది నీ మాటల వల్లా? నువ్వు అమ్మింది ఈ నునుపునిరా. దీన్నే నీ నోటితో తిడుతున్నావు."

ఆ మాట నిజం. బేరంలో ఎదుటివాడు నిజం చెప్పినప్పుడు ఊరుకోవడం నేర్చుకున్నాను, ఊరుకున్నాను. బావ మెల్లగా, "పోనీ, ఆ మెరుపు గన్‌లోనే ఏదో ఉండి ఉంటుంది" అన్నాడు.

"మీరు నన్ను బుజ్జగించకండి" అంది అక్కయ్య. ఆ కోపమంతా ఒక్క క్షణం ఆయన మీదకి తిరిగి, అక్కడ ఆగకుండా మళ్ళీ నా దగ్గరికొచ్చింది. "మెరుపుగాడికి ఏమని చెప్పావు? నీ రేకు మీద కాదు, నా ఇనుము మీద చూపించమన్నావు. నేనూ అదే అడుగుతున్నా. మాటల్తో కాదు, నా ఇనుము మీద చూపించు."

మూలన ఉన్న గొట్టం ముక్క తీసి బావ చేతికిచ్చి గరుకు తీయించింది. మధ్యలో సుద్దతో గీత గీసింది. ఒక సగాన్ని నూనె గుడ్డతో తుడిచింది. కోపంతో తుడవలేదు, ఎప్పుడూ తుడిచేంత శ్రద్ధగానే తుడిచింది. ఇక్కడ ఏమాత్రం చెయ్యి తేలికైనా పందెం చెల్లదని ఆవిడకి తెలుసు. రెండో సగాన్ని వేడి సబ్బు నీళ్ళతో తోమి, కుళాయి కింద పట్టింది.

పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

నేను దగ్గరికి వెళ్ళాను. తోమిన సగం మీద నీళ్ళు పల్చటి తెరలా పరుచుకుని జారుతున్నాయి. నూనె సగం మీద పూసలు పూసలుగా నిలబడుతున్నాయి. గొట్టాన్ని తిప్పింది, మళ్ళీ తిప్పింది. నీళ్ళు మాట మార్చలేదు.

"పద" అంది.

"ఎక్కడికి?"

"నీ పెద్దాయన దగ్గరికి. సుత్తి కూడా తెచ్చుకో."

ముగ్గురం వెళ్ళాం. పెద్దాయన షెడ్డులో కుర్చీ వేసినా అక్కయ్య కూర్చోలేదు. కడిగే తొట్టి దగ్గరికి వెళ్ళి వాసన చూసింది. మందు తొట్టి తర్వాత మంచినీళ్ళ తొట్టి, ఆ తర్వాత ఆరబెట్టే అర ఎందుకో అడిగింది. పెద్దాయనకి ఇలా అడిగే మనిషి ఇన్నాళ్ళకి దొరికినట్టుంది. "వచ్చినవాళ్ళంతా గన్ చూసి వెళ్ళిపోతారమ్మా, తొట్టి మొహం ఎవరూ చూడరు" అన్నాడు. గొట్టాన్ని కడగనివ్వలేదు అక్కయ్య. ఉన్నదున్నట్టు పొడి కొట్టించింది. పైకి రెండు సగాలూ ఒక్కలాగే ఉన్నాయి, ఎక్కడా గీత కనపడలేదు.

ఓవెన్‌లో పెట్టేముందు పెద్దాయన వేడి కొలిచే సన్నటి తీగ ఒకదాన్ని గొట్టానికే తగిలించాడు. తలుపు మీద ముల్లు ఉందిగా అన్నాను. "అది లోపలి గాలి వేడి చెప్తుంది. ఇనుము వేడెక్కిందో లేదో దానికి తెలీదు. మీ మంచం చువ్వ సన్నం, కాలు మందం. చువ్వ ఉడికేసరికి కాలు పచ్చిగా ఉంటుంది. పచ్చిగా తీస్తే మీ నర్సు కడుగుడికి ఆగదు" అన్నాడు. ఆయన మాట్లాడుతుంటే నేను లోపల కూడికలు తీసివేతలు చేసుకుంటున్నాను. మెరుపు తెర మీద అంకెలు చూపించాడు. ఈయన నా ఇనుము లోపలి సంగతి చూపిస్తున్నాడు. ఏది ముందు కొనాలో, ఏది తర్వాతో వరస మారిపోతోంది.

గొట్టం చల్లారింది. బావ సుత్తి తీశాడు.

"ఇలా ఇవ్వండి" అంది అక్కయ్య.

మొదటి దెబ్బ కడిగిన సగం మీద వేసింది. ఇనుము సొట్టపడింది. రంగు కూడా ఆ సొట్టలోకి వంగింది గానీ చిట్లలేదు. రెండో దెబ్బ తను తుడిచిన సగం మీద వేసింది. ముందు దానికంటే నెమ్మదిగా వేసిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను. అయినా పెచ్చు లేచింది. గోరు దూర్చి లాగితే బత్తాయి తొక్కలా సుద్ద గీత గీసిన చోటుదాకా వచ్చి, అక్కడ ఆగిపోయింది.

అక్కయ్య ఆ తొక్కని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసింది. నడుము దగ్గరి గుడ్డ తీసింది. ఏడుస్తుందేమోనని బావ ఒక అడుగు ముందుకేశాడు. ఆవిడ ఆ గుడ్డతో పెద్దాయన ఓవెన్ తలుపు బందుని తుడిచింది. అంతకుముందు నుంచీ అది కిర్రుమంటోంది.

"ఇకనుంచి దీనికి ఇదే పని" అంది. "ఒరేయ్, విను. తుడుపు నాది, కడుగుడూ నాదే. నా కళ్ళముందు నీళ్ళు తెరలా పరుచుకోని ఇనుము ఒక్కటి కూడా గన్ దగ్గరికి పోదు. నువ్వు తొందరపెట్టినా పోదు, ఆ నర్సమ్మ వచ్చి కూర్చున్నా పోదు. నాన్న ఉన్నా ఇదే చెప్పేవాడు. ఆయనకి నూనె ముఖ్యం కాదు, సరుకు నిలవడం ముఖ్యం."

నేను ఎన్నో బేరాలు చేశాను. ఓడిపోయిన మనిషి ఓటమిని ఇలా తన పేరున రాయించుకుని, పెత్తనంతో సహా ఇంటికి తీసుకెళ్ళడం ఎప్పుడూ చూడలేదు. మా అక్కయ్య అని చెప్పుకోవడానికి నాకు అంతకంటే పెద్ద పెట్టుబడి అక్కర్లేదు.

మర్నాడు మెరుపు తనే వెతుక్కుంటూ షెడ్డుకి వచ్చాడు. గన్‌ని పెట్టెలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. అక్కయ్య ఒకసారి చేతిలోకి తీసుకుని బరువు చూసింది.

"బాగుంది బాబూ. దీంతో మూలల్లోకి పొడి వెళ్తుందా?"

"ఎక్కడికైనా వెళ్తుందమ్మా, లేటెస్టు మోడల్."

"అదిగో ఆ చట్రం మూల చూడు. నువ్వు కొట్టిందే. మూలలో ఇనుము బయటికి కనిపిస్తోంది."

మెరుపు వంగి చూశాడు. నిజంగానే కనిపిస్తోంది. ఈసారి మాత్రం పళ్ళు మెరవలేదు.

"అది కరెంటు ఎక్కువ పెట్టడం వల్లమ్మా. తగ్గించి, ముక్కు మార్చి కొట్టాలి."

"ఆ సంగతి మా ఆయనకి నేర్పుతావా?"

"గన్ కొంటే నేర్పుతాను."

నా వంతు వచ్చిందని నాకు అర్థమైంది. "సార్, మేం ముందు తొట్లు కొంటాం. తర్వాత ఓవెన్. ఆ రెండూ పెద్దాయన దగ్గర. మిగిలినదాంట్లో గన్ కొంటాం. తెర ఉన్నది వద్దు. ముక్కులు మార్చుకునేది, చెడితే విడి భాగాలు ఇక్కడే దొరికేది ఇవ్వండి. నేర్పడం అందులోనే కలిసి ఉండాలి."

"అందరూ గన్ ముందు కొంటారు సార్."

"అందుకేగా మీ నమూనా రేకు తప్ప ఎవరి సరుకూ నిలవట్లేదు" అన్నాడు బావ, వెల్డింగ్ ముసుగు లోపలి నుంచి. మెరుపు నవ్వేశాడు. నవ్వడం చేతనైనవాడు, వ్యాపారం కూడా చేతనైనవాడే. సాదా గన్ ఉందని ఒప్పుకున్నాడు.

అక్కయ్య దగ్గరుండి కడిగిన మంచం భాగాలకి పెద్దాయన ఓవెన్‌లోనే రంగు పట్టించాం. అది నమూనాలకి కట్టిన చిన్న ఓవెన్. అందుకని విడి భాగాలుగా కాల్చి, తర్వాత బోల్టులతో బిగించి ఆసుపత్రికి పంపాం. హెడ్ నర్సు దాన్ని పెరట్లో పెట్టించి, రోజూ రెండు మంచాలకి సరిపడా మందు నీళ్ళు దీని ఒక్కదానికే పోయించిందట. కబురు చేస్తే ముగ్గురం వెళ్ళాం.

ఆవిడ తాళంచెవితో చట్రాన్ని గీసింది. గట్టి బ్రష్షుతో మూలలు తోమింది. వంగి, మంచం అడుగున వేలు పెట్టి చూసింది. అమ్మేవాళ్ళు చూపించని చోటు చూడడం ఆవిడకి బాగా తెలుసు. లేచి, చేతులు తుడుచుకుని, "ఇది ఎవరు చేశారు?" అంది.

నేను నోరు తెరిచేలోగా బావ, "అతికింది నేను. నిలబెట్టింది ఆవిడ" అన్నాడు. అక్కయ్య చీర చెంగు సర్దుకుంది. ఇంటిదగ్గర ఎన్నడూ ఆయన నోట రాని మాట అది, పరాయి పెరట్లో వచ్చింది.

"రంగుకి వంక లేదు" అంది నర్సు. "కానీ ఈ బోల్టుల సందులు చూడండి. నీళ్ళు నిలుస్తున్నాయి. మురికి ఇక్కడే కూర్చుంటుంది. నాకు బోల్టులు లేని మంచం కావాలి. మొత్తం అతికేసి, మొత్తానికీ ఒక్కసారే రంగు పట్టించి ఇవ్వండి. అలా చేస్తే ఆర్డరు మీదే. చెయ్యలేకపోతే ఇప్పుడే చెప్పండి, నేను వేరే చూసుకుంటాను."

"చేస్తాం" అంది అక్కయ్య. నేను లెక్క వేసేలోపే అనేసింది.

తిరిగొచ్చి పెద్దాయనని మా షెడ్డుకి పిలిపించాం. ఆయన కొలత తాడు పట్టాడు. అతికేసిన మంచం నిలువునా పట్టే ఓవెన్, దాని ముందు తొట్లు, మధ్యలో ఆరబెట్టే అర. తాడు ఒక చివర మా గుమ్మం దగ్గర పెట్టి నడుచుకుంటూ వెళ్ళాడు. బావ వెల్డింగ్ చోటు దాటాడు, అక్కయ్య బల్ల దాటాడు, వెళ్ళి వెళ్ళి గోడకి తగిలాడు. తాడు ఇంకా చేతిలో మిగిలే ఉంది.

"ఇక్కడ సరిపోదండీ" అన్నాడు. "ఈ గోడ అవతల ఎవరుంటారు?"

బావ నా వంక చూశాడు. నేను గోడ వంక చూశాను. అవతల గ్రైండర్ మోగుతోంది.

గోడ లేవకముందు, మధ్యాహ్నం భోజనానికి మా అన్నదమ్ములిద్దరినీ పిలవడానికి అక్కయ్య గొంతు వాడేది కాదు. ఆ మోతలో వినపడదని, చెక్క సుత్తితో ఇనుప స్తంభం మీద టక్ టక్ మని కొట్టేది. ఆ స్తంభం ఇప్పుడు గోడలో సగం కూరుకుపోయి ఉంది. మా వైపు సగం, వాడి వైపు సగం. అక్కయ్య బల్ల మీది చెక్క సుత్తి తీసుకుంది. నన్ను అడగలేదు. వెళ్ళి, మా వైపు సగం మీద పాత పద్ధతిలోనే కొట్టింది.

ఆ పూటకి నా లెక్క కడితే, వచ్చినవి ఇవి. పెచ్చు లేవని మంచం ఒకటి. మా చేతి పనికే వచ్చిన ఆర్డరు. ఏది ముందు కొనాలో తెలిసిన తెలివి. గన్ పట్టడం నేర్చుకుంటున్న బావ. నూనె గుడ్డ వదిలి నీళ్ళ తొట్టికి పెత్తందారైన అక్కయ్య. పోయింది ఒక్క గుడ్డ, అదీ పోలేదు, తలుపు బందుల కొలువులో ఉంది.

ఇంకొకటి కూడా ఉంది. దాన్ని రాబడిలో రాయాలో బాకీలో రాయాలో తేల్చుకోలేక పక్కన పెట్టాను. అక్కయ్య సుత్తి ఆగగానే, గోడకి అవతల గ్రైండర్ కూడా ఆగింది.